చెక్కలపేట

మీసేవ కుర్రాడు అడిగాడు:
"చెక్కలపేటంటే... వడ్రంగులాండీ?"
కాదన్నాను.
"ఇంటిపేరు నావాకులంటున్నారు. మరి పడవోళ్లా?"
అదీ కాదన్నాను.
వెనక వరసలో గొడుగు మడుస్తూ ఎవరో నవ్వారు.
నాకూ నవ్వొచ్చింది.
మా చిన్నదానికి కాలేజీలో కులం కాయితం కావాలి,
దానికోసం ఎనభై ఏళ్ల పైమాట
ఎక్కణ్ణుంచి ఎత్తుకోను?

పంచదార మిల్లు పెడదామని
ఒక జమీందారు ముచ్చటపడ్డ ఏడు
కాకినాడ రేవులో పెట్టెలు దిగాయి, నలభై రెండు.
వాటితోపాటు బిగించే మనుషులు, తొమ్మండుగురు.
కాలవలో పడవ, గట్టు మీద తాడు లాగేవాళ్లు.
లాకు లాకుకీ ఆగి
నీళ్లు సమానమయ్యేదాకా
బొజ్జెన అనే పద్దెనిమిదేళ్ల పిల్ల
దోమల్ని లెక్కపెట్టిందట, తన చెక్ భాషలో.
నూరు దగ్గర విసుగొచ్చి మానేసిందట.

జమీందారు దివాలా తీశాడు.
రెండో వేసవిలో ఉత్తరం వచ్చింది:
మీ దేశం ఇప్పుడు లేదు,
పటంలో దాని మీద వేరే రంగు పూశారు.
ఏరు కోసుకుపోతే లంక ఇంకోచోట లేస్తుంది.
దేశం కోసుకుపోతే ఏం చేస్తారో
మా ముత్తాతకి చెప్పినవాడు లేడు.
కళాసీ పల్లయ్య మాత్రం బీడీ ఆర్పి అన్నాడట,
"వరదప్పుడు మేం చేసేదేనండి.
ఎత్తున్న చోటికి జరగండి."

జరిగారు.
వైనతేయ పక్కన, లాకు దిగువన, ఎకరం ముప్పాతిక.
పెట్టెలు విప్పి గోడలు, పైన తాటాకు.
అందుకే చెక్కలపేట.
కుర్రాడు సగం కరెక్టే మరి.

ఒక బాయిలరు ఉప్పుడు బియ్యం మిల్లుకెళ్లింది.
ఒక పళ్లచక్రం మా నూతి గట్టులో ఉంది,
దాని పళ్ల మీద మా అమ్మ అంట్లు తోమేది.
మిగతా ఇనుము యుద్ధంలో ఎవరో కొనుక్కుపోయారు,
ఏ వైపు పేలిందో తెలీదు.

ముత్తాత పేరు ఎవరికీ నోరు తిరగలేదు.
మధ్యలో ఒక రకారం,
రంపం తడి చెక్కలో ఇరుక్కున్నట్టు.
బళ్లో చెల్లాయి మాస్టారు రెండు రోజులు ఆలోచించి
బండి ఱ వేశారు: యిఱి.
"ఎలాగూ ఖాళీగా ఉందిగా" అన్నారట.
అందరూ వదిలేసిన అక్షరం
మా పేటలో అరవై ఏళ్లు కూలికెళ్లింది.
కంప్యూటరొచ్చాక అదీ మానేసింది.

బొజ్జెన పిండిముద్దలు ఆవిరికి పెట్టింది,
గుడ్డ లేక పనసాకు బుట్టలో.
పక్కింటి సూరాయమ్మ తిని,
"పొట్టిక్కలే కదే!" అంది.
కాదంది బొజ్జెన.
సూరాయమ్మ కొడుక్కి తన కూతుర్నిచ్చింది గానీ
ఆ ఒక్క మాట మాత్రం
చచ్చేదాకా ఒప్పుకోలేదు.

ఎనభై ఆరు వరదలో వాయించే పెట్టె కొట్టుకుపోయింది.
మూడోనాడు లంకలో జామచెట్టుకి దొరికింది.
ఎండబెడితే ఒకటే స్వరం పలికింది.
మా నాన్న ఆ ఒక్కటే వాయించేవాడు,
దాళ్వా కోతలయ్యాక, చాలాసేపు.
గేదెలు పట్టించుకునేవి కావు.

ఇప్పుడు మూడిళ్లు.
గసగసాలు కొట్టువాడు గ్రాముల్లో తూచి ఇస్తాడు,
మేం కిలో అడిగితే అనుమానంగా చూస్తాడు.
ఆ భాషలో నాకొచ్చేవి అంకెలే, నూరు వరకు.
పైన మాకెవ్వరికీ రావు.

పశువుల పాక తలుపు పాత పెట్టె చెక్కే.
దాని మీద నల్లరంగుతో ఒక బాణం,
ఇది పై వైపు అని.
బిగించినవాడు తిరగేసి బిగించాడు,
అది నేలలోకి చూపిస్తోంది.
సరిచేద్దామని నాన్న ఏటా అనేవాడు.
తువ్వాయి దానికి మెడ రుద్దుకుని
సగం చెరిపేసింది.

"కులం గడిలో గీత పెట్టాను మేడమ్" అన్నాడు కుర్రాడు.
"సర్వరు రావట్లేదు. సోమారం రండి."
బల్ల మీద దోమ వాలింది.
యెడెన్, అన్నాను.
"ఏంటండీ?"
ఏం లేదన్నాను.